మా మామయ్య కార్డు ఖరీదు 28,500 రూపాయలు

ఇవాళ్టి ఎపిసోడ్ కోఠి ఉమెన్స్ కాలేజీ బస్టాప్ దగ్గర మొదలుపెడదాం. చార్జర్ కేబుల్ కోసం గుజరాతీ గల్లీకో, పాత పుస్తకాల కోసమో వెళ్లినప్పుడు మీరు ఈ స్టాప్‌లో దిగే ఉంటారు. గోడ వెనకాల పెద్ద పెద్ద స్తంభాలతో ఒక తెల్ల భవనం కనిపిస్తుంది. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803లో కట్టించడం మొదలుపెట్టిన కోఠి అదే. ఈ ఏరియాకి ఆ పేరు రావడానికి కారణం కూడా అదే.

భవనం సంగతి చాలామందికి తెలుసు. పక్కనున్న బజారు సంగతి తక్కువమందికి తెలుసు. ఇప్పుడు మనం సుల్తాన్ బజార్ అంటున్నామే, దాన్ని ఒకప్పుడు రెసిడెన్సీ బజార్లు అనేవాళ్లు. ఊరు నిజాంది, కానీ ఆ వీధుల్లో చెల్లేది మాత్రం బ్రిటిష్ వాళ్ల మాట. అప్పులిచ్చే సాహుకార్లు, పెద్ద వ్యాపారులు అక్కడికే వచ్చి చేరారు. ఏదైనా తగాదా వస్తే నిజాం కొత్వాలు దగ్గరికి కాకుండా రెసిడెంటు దగ్గరికి వెళ్లొచ్చని వాళ్ల ధీమా. 1933లో ఆ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చాయి, పేరు సుల్తాన్ బజార్ అయింది.

సరిగ్గా 90 ఏళ్లకి, 2023లో, విదేశీ వాళ్ల చేతిలో ఉన్న ఇంకో బజారు మన దేశపు మనిషి చేతికి వచ్చింది. ఈసారి ఇచ్చింది జర్మన్లు, తీసుకుంది ముఖేష్ అంబానీ. మధ్యలో ఉన్నది మా మామయ్య లాంటి కిరాణా దుకాణందార్లు. ఇవాళ్టి కథ అదే.

ముందు లెక్కలు చెప్పేస్తాను. 2022 డిసెంబర్ 22న రిలయన్స్ రిటైల్ ఒక ప్రకటన చేసింది. మెట్రో క్యాష్ అండ్ క్యారీ ఇండియాని మొత్తంగా 2,850 కోట్లకు కొంటున్నాం అని. 21 ఊళ్లలో 31 స్టోర్లు, దాదాపు 3,500 మంది ఉద్యోగులు. ఆ పోటీలో థాయిలాండ్‌కి చెందిన సీపీ గ్రూప్ పేరు కూడా అప్పట్లో పేపర్లలో వచ్చింది. చివరికి మిగిలింది రిలయన్సే. 2023 మార్చిలో కాంపిటీషన్ కమిషన్ ఓకే అంది, మే నెలలో చేతులు మారాయి.

ఇక్కడ చాలామందికి ఒక డౌటు వస్తుంది. మెట్రో అంటే అమీర్‌పేట మెట్రో కదా, ఈ మెట్రో ఏంటి? కూకట్‌పల్లి వై జంక్షన్ దగ్గర నీలం రంగు మీద పసుప్పచ్చ అక్షరాలతో పెద్ద షెడ్డు ఉంటుంది చూడండి, అది. బస్సులో దాని ముందు నుంచి వంద సార్లు వెళ్లుంటారు, లోపలికి మాత్రం వెళ్లుండరు. మిమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు కాబట్టి. అలా రానివ్వకపోవడం వెనక మన చట్టం ఉంది.

మన దేశంలో విదేశీ కంపెనీ కిరాణా సరుకులు నేరుగా జనానికి అమ్మడానికి ఒప్పుకోలేదు. కానీ 1997లో ఒక దారి తెరిచారు. హోల్‌సేల్ అయితే నూటికి నూరు శాతం పెట్టుబడి పెట్టుకోవచ్చు, దుకాణాలకి, హోటళ్లకి, క్యాంటీన్లకి మాత్రమే అమ్మాలి. ఆ దారిలో మెట్రో వచ్చింది. 1964లో జర్మనీలో పుట్టిన కంపెనీ ఇది. 2003లో బెంగళూరులో మొదటి స్టోర్లు పెట్టింది, ఆ తర్వాత హైదరాబాద్. బెంగళూరులో వర్తక సంఘాలు గట్టిగానే గొడవ చేశాయి. హోల్‌సేల్ పేరు చెప్పి రిటైల్ చేస్తారు అని వాళ్ల భయం. అందుకే మెట్రోలో కార్డు పద్ధతి పెట్టారు. షాపు లైసెన్సు, టాక్స్ నంబరు లాంటివి చూపిస్తే కార్డు ఇచ్చేవాళ్లు. కార్డు లేకపోతే గేటు దగ్గరే ఆపేసేవాళ్లు.

మా మామయ్యకి ఆ కార్డు ఉంది. చిక్కడపల్లిలో ఒక గల్లీ చివర ఆయన కిరాణా దుకాణం. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే నన్ను చేతక్ స్కూటర్ ముందు నిలబెట్టుకుని బేగంబజార్ తీసుకెళ్లేవాడు. నారాయణగూడ, కోఠి, పుత్లీబౌలీ, అక్కడి నుంచి బేగంబజార్. సేటు దుకాణంలో పరుపు మీద కూచుంటే ముందు చాయ్ వచ్చేది, తర్వాత పప్పుల ధరలు వచ్చేవి. మామయ్య చీటీ ఇచ్చేవాడు, సేటు ఎర్ర గుడ్డ అట్ట ఉన్న ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. డబ్బులు అప్పుడే ఇవ్వడం నేనెప్పుడూ చూళ్లేదు. రెండు వారాలకో, మూడు వారాలకో ఇచ్చేవాడు. పండగ ముందు అయితే ఇంకా టైమ్ దొరికేది. సామాను ట్రాలీలో సాయంత్రానికి వచ్చేసేది.

మామయ్య కూడా గల్లీలో వాళ్లకి ఉద్దెరే కదా ఇచ్చేది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు రూములో వండుకోవడానికి బియ్యం, నూనె పట్టుకెళ్లి ఊరి నుంచి డబ్బులొచ్చాక ఇచ్చేవాళ్లు. సేటు మామయ్యని నమ్మాడు కాబట్టి మామయ్య వాళ్లని నమ్మగలిగాడు. ఈ గొలుసు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మెట్రో పేరులోనే అసలు విషయం ఉంది. క్యాష్ అండ్ క్యారీ. డబ్బు కట్టు, పట్టుకెళ్లు. ఉద్దెర లేదు, సామాను మనమే మోసుకోవాలి. అయినా మామయ్య ఎందుకు వెళ్లాడు? నేను అడిగితే, 'అల్లుడూ, అక్కడ ధర రాసుంటది. నన్ను చూసి ఒకటి, ఇంకొకడిని చూసి ఒకటి చెప్పరు' అన్నాడు. బిస్కెట్లు, సబ్బులు, షాంపూ ప్యాకెట్లు మెట్రో నుంచి తెచ్చేవాడు. పప్పులు, చింతపండు, ఎండుమిర్చి మాత్రం బేగంబజారే. అటు చేతిలో డబ్బున్న రోజు, ఇటు లేని రోజు. రెండూ నడిచాయి.

అదే టైమ్‌లో ఊళ్లో ఇంకో కథ నడుస్తోంది. 1986లో హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర సూపర్ మార్కెట్లు మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుంటాయి. 170 దాకా పెరిగిన ఆ స్టోర్లని 2007 మొదట్లో ఆదిత్య బిర్లా గ్రూప్ కొనేసి 'మోర్' అని పేరు పెట్టింది. 2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ మొదలైంది. దేశంలో అన్నిటికంటే ముందు మన హైదరాబాద్‌లోనే, ఒకేసారి 11 స్టోర్లు. అంటే అంబానీ రిటైల్ కథకి పుట్టిల్లు ముంబై కాదు, మన ఊరే. ఈ ముక్క తెలిసినప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది.

విదేశీ వాళ్లకి రిటైల్ తలుపు 2012 సెప్టెంబర్‌లో తెరిచారు. 51 శాతం వరకు పెట్టుబడి, అదీ రాష్ట్రాలు ఒప్పుకుంటేనే. ఒప్పుకున్న రాష్ట్రాల లిస్టులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పేరు ఉంది. సెప్టెంబర్ 20న దేశమంతా బంద్ జరిగింది. ఇంత గొడవ చేసి తీరా చూస్తే, ఆ తలుపులోంచి లోపలికి వచ్చిన పెద్ద కంపెనీ ఒక్క టెస్కోనే, అది కూడా టాటాల చెయ్యి పట్టుకుని. ఫ్రాన్స్ కారెఫోర్ 2014లో మూట సర్దుకుని వెళ్లిపోయింది. వాల్‌మార్ట్ హోల్‌సేల్ స్టోర్లు 2020లో ఫ్లిప్‌కార్ట్‌లో కలిసిపోయాయి. ఆ ఫ్లిప్‌కార్ట్‌లో మెజారిటీ వాటా వాల్‌మార్ట్‌దే అనుకోండి, ఆ జేబులోంచి ఈ జేబులోకి. సొంత కాళ్ల మీద గట్టిగా నిలబడ్డ విదేశీ హోల్‌సేల్ కంపెనీ అంటే ఇక మెట్రోనే.

మరి నిలబడ్డవాడు ఎందుకు అమ్మేశాడు? తమాషా ఏంటంటే, అమ్మిన ఏడాదే మెట్రో ఇండియాకి అన్నిటికంటే మంచి ఏడాది. 7,700 కోట్ల అమ్మకాలు. కానీ జర్మనీలో ఉన్న పెద్ద కంపెనీ అప్పటికే ఒక్కో దేశం నుంచి బయటికి వచ్చేస్తోంది. చైనా వ్యాపారంలో ఎక్కువ వాటాని 2020లో అక్కడి వూమార్ట్‌కి ఇచ్చేసింది, తర్వాత జపాన్ వదిలింది. ఇండియాలో ఆన్‌లైన్ హోల్‌సేల్ వాళ్లతో, రిలయన్స్‌తో పోటీ పడాలంటే ఇంకా చాలా డబ్బు పోయాలి. అంత పొయ్యడానికి వాళ్లు రెడీగా లేరు.

చిన్న పిట్టకథ. ఆ మెట్రోని కూడా ఒక కోటీశ్వరుడు కొనాలని చూశాడు. చెక్ దేశపు డానియెల్ క్రెటిన్స్కీ 2019లో మొత్తం కంపెనీకే ధర కట్టాడు. సరిపడా షేర్‌హోల్డర్లు ఒప్పుకోక అది ఫెయిలయింది. మనిషి వదల్లేదు, తర్వాతి ఏడాది మళ్లీ వచ్చి 40 శాతం దాటి వాటా పట్టేశాడు. కూకట్‌పల్లి షెడ్డు అమ్మకానికి వచ్చేనాటికి దాని ఓనర్లలో పెద్ద తలకాయ ఆయనే.

ఇప్పుడు అసలు పాయింటుకి వద్దాం. అంబానీ ఏం కొన్నారు? స్థలాలు అనుకుంటారు చాలామంది. 31 స్టోర్లలో డీల్‌లో కలిసి వచ్చిన సొంత ఆస్తులు ఆరింటివే. షెడ్లు కట్టడం రిలయన్స్‌కి పెద్ద పని కాదు. మెట్రో దగ్గర ఉండి రిలయన్స్‌కి కావాల్సింది ఇంకోటి ఉంది, కార్డులు. 30 లక్షల మంది వ్యాపారులకి మెట్రో కార్డు ఉంది, అందులో 10 లక్షల మంది తరచుగా కొనేవాళ్లు. 2,850 కోట్లని 10 లక్షలతో భాగించండి. ఫోన్ చేతిలోనే ఉంది కదా, క్యాలిక్యులేటర్ తీయండి. ఒక్కో మనిషికి 28,500 రూపాయలు. స్టోర్లు, సామాను, పేరు అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా మామయ్యకి చెప్తే గల్లా పెట్టెలోంచి కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, 'దీన్ని నాకే అమ్మమంటే సగానికే ఇచ్చేద్దును గదరా' అన్నాడు.

డీల్ జరిగినప్పుడు సోషల్ మీడియాలో రెండు రకాల మాటలు విన్నాను. ఒకరు, విదేశీ పోయి స్వదేశీ వచ్చింది, జై హింద్ అన్నారు. ఇంకొకరు, కిరాణా దుకాణాల పని అయిపోయింది అన్నారు. నాకు రెండూ ఎక్కలేదు. మొదటిది అయితే అస్సలు ఎక్కలేదు. ఎందుకో చెప్తాను.

జర్మన్ మెట్రో మామయ్యకి సబ్బులు అమ్మగలదు, కానీ మామయ్య గల్లీలో ఉన్న మీకు అమ్మలేదు. చట్టం గీసిన గీత అది. అంటే ఇష్టం ఉన్నా లేకపోయినా, మామయ్య బాగుంటేనే మెట్రో బాగుంటుంది. ఆ గీత విదేశీ కంపెనీకే. మన కంపెనీకి అలాంటి గీత లేదు. రిలయన్స్ హోల్‌సేల్‌లో మామయ్యకి సబ్బులు అమ్ముతుంది, పక్క రోడ్డులో స్మార్ట్ స్టోర్‌లో మీకూ అమ్ముతుంది, జియోమార్ట్‌లో మీ ఫోన్‌కి కూడా అమ్ముతుంది. సరుకిచ్చే సేటూ, ఎదురుగా దుకాణం పెట్టిన పోటీదారూ ఒక్కరే అయ్యారు. బేగంబజార్ సేటు చిక్కడపల్లిలో కిరాణా దుకాణం పెట్టుకున్నట్టు ఊహించుకోండి. మామయ్య వారానికి ఎన్ని షాంపూలు కొంటాడో, ఏ నెలలో తగ్గిస్తాడో ఆయనకి తెలుసు. ఆ లెక్కలు మామయ్య మీద వాడుతున్నారని నేను అనడం లేదు. వాడకూడదు అని చెప్పే గీత ఎక్కడుందో నాకు చూపించండి అంటున్నాను, అంతే.

ఈ నొప్పి మొదట తగిలింది దుకాణాలకి కాదు, డిస్ట్రిబ్యూటర్లకి. అంటే కంపెనీ సబ్బుల్ని వ్యాన్‌లో వేసుకుని గల్లీ గల్లీ తిరిగే ఏజెన్సీ వాళ్లకి. 2021 చివర్లో వాళ్ల జాతీయ సంఘం పెద్ద కంపెనీలకి నోటీసిచ్చింది. జియోమార్ట్‌కి, మెట్రోకి, ఉడాన్‌కి తక్కువ ధరకి ఇచ్చి మాకు ఎక్కువ ధరకి ఇస్తే మేం ఎలా బతకాలి, ధర ఒకేలా ఉండాలి, లేకపోతే జనవరి 1 నుంచి సహకరించం అని. మహారాష్ట్రలో కోల్గేట్ సరుకుని కొంతమంది ఆపేశారు కూడా. ఆ గొడవలో జియోమార్ట్, మెట్రో రెండు వేర్వేరు పేర్లు. ఏడాది తిరక్కుండానే ఆ రెండూ ఒకే ఇంటివి కాబోతున్నాయని కబురొచ్చింది.

మామయ్య దుకాణానికి వచ్చే ఏజెన్సీ వ్యాన్లు ఒకప్పుడు ఏడెనిమిది. పోయిన నెల వెళ్లినప్పుడు లెక్కపెట్టమన్నాను, నాలుగు అన్నాడు. ఆ వ్యాన్ వాళ్లు కూడా వారం ఉద్దెర ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ఎక్కువ సరుకు యాప్‌లో ఆర్డరు పెడతాడు, మర్నాడు గడప దగ్గరికి వస్తుంది. నా చేత రెండు సార్లు నేర్పించుకున్నాడు. ధర బానే ఉంది, వెళ్లి మోసుకొచ్చే పని తప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి. అరవై దాటిన మనిషి కూకట్‌పల్లి వెళ్లి నూనె డబ్బాలు ఎత్తుకోవడం నాకు మాత్రం ఇష్టమా?

కానీ పోయినసారి గ్రూప్స్ పరీక్ష వాయిదా పడ్డప్పుడు రూముల పిల్లలు ఇంకో నెల ఉండిపోయారు. ఊరి నుంచి డబ్బులు రాలేదు. దుకాణంలో ఉద్దెర పెరిగిపోయింది. మామయ్య యాప్ తెరిచి చాలాసేపు చూసి నా చేతికిచ్చాడు. 'ఇందులో సేటుతో మాట్లాడాలంటే ఎక్కడ నొక్కాలి, అల్లుడూ?' అన్నాడు. నేను హెల్ప్ సెక్షన్‌లో వెతికాను. డెలివరీ ఆలస్యం గురించి ఉంది, పాడైన సరుకు గురించి ఉంది. అది మాత్రం లేదు. ఆ సాయంత్రం ఇద్దరం కోఠి మీదుగా బేగంబజార్ వెళ్లాం. సేటు పోయి మూడేళ్లయిందట, కొడుకు కూచున్నాడు. కొంచెం సేపు మొహం చూసి, పాత ఖాతా పుస్తకం తెప్పించి, మామయ్య పేరున్న పేజీ వెతికి, చాయ్ చెప్పాడు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే కోఠిలో నిజాం సర్కారుకే ఉద్దెర ఇచ్చి, 1820ల్లో మునిగిపోయిన విలియం పామర్ కంపెనీ కథ చెప్తాను. మీ గల్లీలో కిరాణా దుకాణానికి సరుకు ఎక్కడి నుంచి వస్తోందో ఈలోపు ఒకసారి అడిగి, కింద రాయండి.