రగ్బీ లీగ్: ఆట ముగిసినా ఆగని వాదనలు

ఉత్తర ఇంగ్లండ్‌లోని గనుల, మిల్లుల పట్టణాలలో పుట్టిన రగ్బీ లీగ్ ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలకు చేరి ప్రధాన క్రీడగా ఎదిగింది. ఈ ఆట అభిమానులు నలుగురు కలిస్తే పాత మ్యాచ్‌ల ముచ్చట్లు తప్పవు. ఆ ముచ్చట్లలో ఘన విజయాలకు ఎంత చోటు ఉంటుందో, గురి తప్పిన తన్నులకూ రిఫరీ వివాదాస్పద నిర్ణయాలకూ అంతే చోటు ఉంటుంది. దశాబ్దాల కిందటి తుదిపోరులు నేటికీ ఎందుకు చర్చకు వస్తున్నాయో తెలుసుకోవాలంటే, ఆ మ్యాచ్‌లలో ఏం జరిగిందో చూడాలి.

కూలి కోసం చీలిన ఆట

రగ్బీ లీగ్ పుట్టుకకే ఒక వివాదం కారణం. శనివారం పని మానుకుని ఆడే కార్మికులకు పోయిన కూలి చెల్లించాలని ఉత్తరాది క్లబ్బులు కోరాయి. ఆట ఔత్సాహికంగానే సాగాలన్న నాటి రగ్బీ సంఘం అందుకు అంగీకరించలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో సమావేశమైన క్లబ్బులు విడిపోయి నార్తర్న్ యూనియన్‌ను స్థాపించాయి. 1906లో జట్టులోని ఆటగాళ్ల సంఖ్యను 15 నుంచి 13కు తగ్గించడంతో అది క్రమంగా వేరే ఆటగా రూపుదిద్దుకుంది.

నేటి నిబంధనలను క్రికెట్‌తో పోల్చి అర్థం చేసుకోవచ్చు. ఓవర్‌కు ఆరు బంతులు ఉన్నట్లే, బంతి చేతిలో ఉన్న జట్టును ప్రత్యర్థులు ఆరుసార్లు పట్టి ఆపేవరకు దానికి అవకాశం ఉంటుంది. ఆరోసారి పట్టుబడితే బంతి ప్రత్యర్థికి దక్కుతుంది. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకించడాన్ని ‘ట్రై’ అంటారు. దానికి ఇప్పుడు 4 పాయింట్లు; 1983కు ముందు 3 ఉండేవి. ట్రై తర్వాత బంతిని గోల్‌స్తంభాల మధ్యగా, అడ్డుకమ్మీ పైనుంచి తన్నితే మరో 2 పాయింట్లు వస్తాయి. దీనినే కన్వర్షన్ అంటారు.

పది మందితో గెలిచిన టెస్టు

క్రికెట్‌తో భారతీయులకు చిరపరిచితమైన సిడ్నీ క్రికెట్ మైదానంలో 1914 జులై 4న బ్రిటన్ జట్టు ఆస్ట్రేలియాతో మూడో టెస్టు ఆడింది. ఎనిమిది రోజుల వ్యవధిలో అది మూడో టెస్టు. ప్రత్యామ్నాయ ఆటగాళ్లను దింపే వెసులుబాటు అప్పట్లో లేదు. గాయాల వల్ల ఒక దశలో బ్రిటన్ పక్షాన పది మందే మిగిలారు. హెరాల్డ్ వాగ్‌స్టాఫ్ నాయకత్వంలోని ఆ జట్టు 14-6తో గెలిచింది. 1879లో దక్షిణాఫ్రికాలో కొద్దిమంది బ్రిటిష్ సైనికులు వేలమంది జులూ యోధులను నిలువరించిన యుద్ధం పేరిట ఈ మ్యాచ్‌ను ‘రోర్క్స్ డ్రిఫ్ట్ టెస్టు’ అని పిలుస్తారు.

ఒక్క తన్ను, ఒక జీవితం

ఇంగ్లండ్‌లో అత్యంత ప్రసిద్ధమైన జ్ఞాపకం 1968 మే 11 నాటిది. ఆ రోజు లండన్‌లోని వెంబ్లీలో లీడ్స్, వేక్‌ఫీల్డ్ ట్రినిటీ జట్ల మధ్య చాలెంజ్ కప్ తుదిపోరు జరిగింది. కుండపోత వానకు మైదానం చెరువును తలపించింది. 87,100 మంది ఆ మ్యాచ్‌కు హాజరయ్యారు. లీడ్స్ ఆటగాడు జాన్ అట్కిన్సన్‌ను నిబంధనలకు విరుద్ధంగా అడ్డుకున్నారంటూ రిఫరీ పెనాల్టీ ట్రై ఇచ్చారు. నీళ్లలో అందరూ జారుతున్న వేళ అది నిజంగా అడ్డుకోవడమేనా అన్న చర్చ నేటికీ ఉంది.

చివరి క్షణాల్లో లీడ్స్ 11-7 ఆధిక్యంలో ఉండగా కెన్ హర్స్ట్ సాధించిన ట్రైతో స్కోరు 11-10 అయింది. కన్వర్షన్ సఫలమైతే కప్పు వేక్‌ఫీల్డ్‌దే. జట్టులో మామూలుగా గోల్ తన్నే నీల్ ఫాక్స్ గాయంతో ఆ మ్యాచ్‌కు దూరమయ్యారు. దాంతో బాధ్యత ఆయన సోదరుడు డాన్ ఫాక్స్‌పై పడింది. సరిగ్గా స్తంభాల ఎదుట నుంచి తన్నిన బంతి పక్కకు పోయింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే లాన్స్ టాడ్ ట్రోఫీ అప్పటికే ఆయన పేరిట ఖరారైంది. 2008లో మరణించేవరకు డాన్ ఫాక్స్ పేరు వినగానే జనానికి గుర్తొచ్చింది ఆ ఒక్క తన్నే. అంతకుముందు ఆయన ఆడిన అద్భుతమైన ఆటకు సాక్ష్యంగా ఆ ట్రోఫీ మిగిలింది.

బురదలో ఆలింగనం

ఆస్ట్రేలియాలో 1963 సిడ్నీ తుదిపోరుకు అలాంటి స్థానమే ఉంది. సెయింట్ జార్జ్ జట్టు వెస్టర్న్ సబర్బ్స్‌ను 8-3తో ఓడించింది. 1956 నుంచి 1966 వరకు వరుసగా 11 టైటిళ్లు గెలిచిన సెయింట్ జార్జ్ చేతిలో వెస్టర్న్ సబర్బ్స్‌కు అది వరుసగా మూడో తుదిపోరు ఓటమి. సెయింట్ జార్జ్ ఆటగాడు జానీ కింగ్ సాధించిన ట్రై చెల్లదని, అప్పటికే ఆయన పట్టుబడ్డారని ఓడిన జట్టు వాదించింది. రిఫరీ పందెం కాశారన్న ఆరోపణ కూడా వచ్చింది. అది రుజువు కాలేదు.

మ్యాచ్ ముగిశాక ఒళ్లంతా బురదతో ఉన్న ఇద్దరు కెప్టెన్లు, పొడవాటి నార్మ్ ప్రోవన్, పొట్టివాడైన ఆర్థర్ సమన్స్, దగ్గరగా నిలబడిన దృశ్యాన్ని జాన్ ఓగ్రెడీ ఫొటో తీశారు. అది క్రీడాస్ఫూర్తికి చిహ్నంగా పేరొందింది. 1982 నుంచి ఆస్ట్రేలియా విజేతలకిచ్చే ట్రోఫీ ఆ రూపంలోనే తయారవుతోంది. ఆ క్షణంలో తాను రిఫరీ గురించే ఫిర్యాదు చేస్తున్నానని సమన్స్ తర్వాతి కాలంలో చెప్పారు.

తారుమారైన పాత్రలు

1963లో వివాదం వల్ల లాభపడిన సెయింట్ జార్జ్, ఇల్లవర్రా జట్టుతో విలీనమై 1999 తుదిపోరుకు చేరింది. సిడ్నీలో 1,07,999 మంది చూసిన ఆ మ్యాచ్‌లో విరామానికి 14-0తో ముందున్నా, చివరికి మెల్‌బోర్న్ చేతిలో 20-18తో ఓడింది. ఆఖరి నిమిషాల్లో గీత దాటిన క్రెయిగ్ స్మిత్‌ను జేమీ ఐన్స్‌కఫ్ మెడపై భాగంలో ఢీకొనడంతో బంతి జారింది. వీడియో పరిశీలించి పెనాల్టీ ట్రై ఇచ్చారు. మాట్ గేయర్ కన్వర్షన్‌తో ఫలితం తేలిపోయింది.

కాన్‌బెరా కథ కూడా ఇలాంటిదే. 1989 తుదిపోరులో విరామానికి 12-2తో ముందున్న బాల్మెయిన్‌ను అది అదనపు సమయంలో 19-14తో ఓడించింది. బాల్మెయిన్ ఆటగాడు బెన్ ఎలియాస్ తన్నిన బంతి అడ్డుకమ్మీకి తగలకుంటే ఫలితం వేరుగా ఉండేదని ఆ జట్టు అభిమానులు ఇప్పటికీ అంటారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2019 తుదిపోరులో, సిడ్నీ రూస్టర్స్‌తో స్కోరు 8-8గా ఉన్నప్పుడు కాన్‌బెరాకు మళ్లీ ఆరు అవకాశాలు వచ్చాయని రిఫరీ చేతితో సూచించి, వెంటనే నిర్ణయం మార్చుకున్నారు. ఆ సూచనను నమ్మి బంతితో ముందుకెళ్లిన జాక్ వైటన్ పట్టుబడగా బంతి ప్రత్యర్థికి పోయింది. కొద్దిసేపటికే జేమ్స్ టెడెస్కో ట్రైతో రూస్టర్స్ 14-8తో గెలిచింది.

ఓడిన జట్లకు కూడా కాలం కలిసివచ్చింది. 1963లో ఓడిన వెస్టర్న్ సబర్బ్స్, 1989లో ఓడిన బాల్మెయిన్ విలీనమై వెస్ట్స్ టైగర్స్‌గా 2005లో టైటిల్ సాధించాయి. ఆ ఏడాది వాటి చేతిలో ఓడిన నార్త్ క్వీన్స్‌లాండ్ 2015లో బ్రిస్బేన్‌ను 17-16తో ఓడించి తొలిసారి విజేతగా నిలిచింది.

వీడియో వచ్చినా

వివాదాల పరిష్కారానికి ఆస్ట్రేలియా లీగ్ 2016లో ‘బంకర్’ పేరిట కేంద్రీకృత వీడియో సమీక్ష విధానాన్ని, 2020లో కెప్టెన్లు రిఫరీ నిర్ణయాన్ని సవాలు చేసే అవకాశాన్ని ప్రవేశపెట్టింది. బంతి గీతను తాకిందా లేదా అన్నది వీడియో తేల్చగలదు. 2019లో ప్రశ్న అది కాదు. రిఫరీ సూచనను నమ్మి ఆడిన ఆటగాడికి న్యాయం జరిగిందా అన్నది. అలాంటి ప్రశ్నలకు వీడియో దగ్గర సమాధానం లేదు. వాటిపై వాదించే పనిని అభిమానులే తీసుకున్నారు. ఒక తుదిపోరులో అన్యాయం జరిగిందని వాదించే జట్టుకు మరో తుదిపోరులో అదే ఆరోపణ ఎదురవుతుందని ఈ ఆట చరిత్ర చెబుతోంది.