కరణం పని చాలు, మున్సబు పని వద్దు

పోయిన సంక్రాంతికి చిల్లకూరు వెళ్తే మా చిన్నాయన గెనిమ తగాదా నా ముందు పెట్టాడు. "మీ ఏఐ అన్నీ చెప్తుందంట గదా నాయనా, ఈ తీర్పు కూడా చెప్పించకూడదా?" అన్నాడు. నవ్వేశాను గానీ, ఆ మాట బుర్రలోంచి పోలేదు. ఊరి తగాదాలు తీర్చే పద్ధతిని పైనుంచి మార్చాలనుకోవడం ఇదే మొదటిసారి కాదు మరి.

1816లో మద్రాసు ప్రభుత్వం, మన్రో చొరవతో, గ్రామ పెద్దనే మున్సబుని చేసి పది రూపాయల దాకా దావాలు తేల్చమంది. ఇద్దరూ ఒప్పుకుంటే ఊరి పంచాయతీకి పోవచ్చని ఇంకో రెగ్యులేషన్ తెచ్చింది. నెల్లూరు కూడా అప్పుడు మద్రాసు కిందే. జనం మాత్రం ఆ పంచాయతీలకి పెద్దగా పోలేదు. నాకనిపించేదేంటంటే, పెద్దమనిషి మాట చెల్లేది ఆయన రేపు కూడా అదే వీధిలో తిరగాలి కాబట్టి. రెగ్యులేషన్లో అధికారం రాయొచ్చు, ఆ మొహమాటాన్ని రాయలేం. చివరికి 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మున్సబు, కరణం పదవులనే ఎత్తేసింది.

పెద్ద కోర్టు తేలుస్తుందా అంటే, మా తీరమే ఉదాహరణ. 1990ల్లో కండలేరు క్రీకు వెంట రొయ్యల గుంటలు వచ్చాయి. రొయ్యల గుంటలొచ్చిన చోటల్లా ఉప్పునీటితో చేలు, బావులు పాడవుతున్నాయని గొడవలు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా గుంటలు తీసెయ్యమంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి రొయ్యల సాగుకి దారిచ్చింది. ఒకసారి వీళ్ళు గెలిచారు, ఇంకోసారి వాళ్ళు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నది ఎప్పుడు?

ఇప్పుడు ఏఐ వంతు. 2024లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళు 'హేబర్మాస్ మెషీన్' గురించి సైన్స్ పత్రికలో రాశారు. ఎవరి అభిప్రాయం వాళ్ళు రాస్తే, అందరూ ఒప్పుకోగల మాటని అది తయారు చేస్తుంది. విమర్శలు చెబితే తిరగరాస్తుంది. మనుషులైన మధ్యవర్తులు రాసినదానికన్నా అది రాసిందే ఎక్కువమందికి నచ్చిందట. బాగానే ఉంది, కానీ అక్కడ ఎవరి సెంటు భూమీ పోలేదు.

మన 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఊరి తగాదాలకి ముగ్గురు మధ్యవర్తులుండాలని రాశారు. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీలా అమలు కాదని కూడా రాశారు. అంటే దాన్ని నిలబెట్టేది మళ్ళీ మనుషులే.

ఊరికే చూద్దామని ఇద్దరి మాటలూ ఫోన్లో రికార్డు చేసి సారాంశం అడిగాను. సర్వే నంబరు, కొలతలు, ఎవరేమన్నారో చక్కగా వచ్చాయి. చిన్నాయన రెండుసార్లు చెప్పిన ఒక మాట మాత్రం లేదు: "మా నాయన పోయినప్పుడు వాళ్ళింట్లోంచి ఒక్కరూ రాలా." దానికి అది సంబంధం లేని విషయం. అసలు తగాదా అదే!

కాబట్టి ఏఐకి కరణం పని ఇద్దాం, మున్సబు పని వద్దు. కరణాల కాలంలో కూడా లెక్క రాసేవాడి చేతిలో ఎంత బలముండేదో మన పెద్దల్ని అడిగితే చెప్తారు. అందుకే అది రాసింది ఇద్దరికీ చదివి వినిపించాలి, వదిలేసింది వాళ్ళే చేర్చాలి.

ఆ వాక్యం నేను చేర్చి పక్కచేను ఆయనకి చదివాను. కాసేపు ఏం మాట్లాడలేదు. గెనిమ ఇంకా తేలలేదు గానీ, మర్నాడు చిన్నాయన ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్ళాడు.

మీ ఊళ్ళో అయితే ఏం చేసేవారు?