ఎల్ ప్రిమేరో : జెనిత్ వారి క్రోనోగ్రాఫు

ఎల్ ప్రిమేరో స్విట్జర్లాండు దేశమున లె లోక్ల్ పట్టణమందలి జెనిత్ సంస్థవారు 1969 జనవరి 10వ తేదీన లోకమునకు ప్రకటించిన స్వయంచాలిత క్రోనోగ్రాఫు యంత్రము. వేళను చూపుచునే, మీట నొక్కిన తక్షణమే వేరొక సెకన్ల ముల్లు బయలుదేరి, మరల నొక్కినంతనే నిలిచి, నడుమ గడచిన కాలమును తెలుపు గడియారమును క్రోనోగ్రాఫు అందురు. స్పానిషు భాషలో 'ఎల్ ప్రిమేరో' అనగా 'మొదటిది' అని యర్థము.

లె లోక్ల్ జూరా పర్వతములలో, న్యూషాటెల్ ప్రాంతమున, ఫ్రాన్సు సరిహద్దునకు చేరువనున్న చిన్న పట్టణము. అచ్చట పూర్వము చక్రములు చేయువా రొకరు, ముండ్లు చేయువా రొకరు, పెట్టెలు చేయువారు వేరొకరుగా నెవరి యింట వారు పనిచేసికొనుచుండ, ఆ భాగముల నన్నిటిని సేకరించి గడియారముగా కూర్చుట వాడుకయై యుండెను. 1865లో జార్జి ఫావ్ర్-జాకో అను ఇరువదిరెండేండ్ల యువకుడు ఈ పనులన్నియు ఒక్క కప్పు క్రిందనే జరుగవలెనని తలచి కర్మాగారమును స్థాపించెను. 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనమున బహుమతి నందిన 'జెనిత్' యంత్రము పేరే 1911లో సంస్థకును పేరయ్యెను. 2009లో న్యూయార్కు నగరమున, కండ్లద్దములతోను చెప్పులతోను గూడ వేలమున నమ్ముడైన గాంధీమహాత్ముని జేబుగడియారము ఈ సంస్థ నిర్మించినదే.

క్రోనోగ్రాఫు 1969 నాటికి క్రొత్తది కాదు. కాని అదివర కది చేతితో కీ ఇచ్చుకొనవలసిన గడియారముగనే యుండెను. చేయి కదలినపుడెల్ల అర్ధచంద్రాకృతి గల బరువొకటి తిరిగి స్ప్రింగును తనంతట చుట్టెడి యేర్పాటు సామాన్య గడియారములలో వ్యాప్తికి వచ్చి చాలకాలమైనను, చక్రములతోను మీటలతోను అదివరకే క్రిక్కిరిసిన క్రోనోగ్రాఫులో దానికి చోటు కల్పించుట దుష్కరమయ్యెను. జెనిత్ వారు క్రోనోగ్రాఫుల నిర్మాణమున నారితేరిన మార్తెల్ సంస్థను 1960లో కొని, 1962లో ఈ ప్రయత్నమున కుపక్రమించిరి. 1965లో సంస్థ శతవార్షికోత్సవము నాటికి ముగింపదలచిన పని మరి నాలుగేండ్లు పట్టెను. ఆ 1969లోనే హాయర్, బ్రైట్‌లింగ్ మున్నగు సంస్థల కూటమియు, జపానునందలి సీకో సంస్థయు తమ తమ యంత్రములను వెలువరించుటచే, ప్రకటనను లెక్కింపవలెనా, విక్రయమును లెక్కింపవలెనా యను వాదము పుట్టి, 'మొదటిది' యను బిరుదు నేటికిని వివాదాస్పదమై యున్నది.

నిర్మాణమున మాత్రము దీని విశిష్టత నిర్వివాదము. గంటకు 18,000 మారులు కొట్టుకొను గడియారము సెకనులో అయిదవ వంతును మాత్రమే కొలువగలదు. ఎల్ ప్రిమేరో గంటకు 36,000 మారులు, అనగా సెకనునకు పదిమారులు, కొట్టుకొనుటచే పదియవ వంతును సైతము కొలువగలిగెను. అంతటి వేగమునకు మామూలు నూనె చెదరిపోవుననెడి భయముచే కీలకమైన చక్రమునకు పొడి కందెనను వాడిరి. మీట నొక్కినపుడు క్రోనోగ్రాఫును నడుపుటకు, నిలుపుటకు, చిన్న కోటబురుజు వలె నిలువు కంబములు గల చక్రమొకటి లోపల నొక్కొక్క మెట్టు చొప్పున తిరుగును. ఇన్నియు నమరిన యంత్రము మందము 6.5 మిల్లీమీటర్లు మాత్రమే. పూర్తిగా కీ యెక్కిన పిమ్మట సుమారు 50 గంటలు నడచును. తొలినాటి ఏ386 అను నమూనాలో ఒకదానిపై నొకటి యొరసికొనునట్లు నిలిచిన మూడు చిన్న వలయములు, రెండు బూడిదవన్నె ఛాయలతో, ఒకటి నీలమున, చూచువారికి దీనిని సులభముగ గుర్తుపట్టించును.

అటుపిమ్మట బ్యాటరీతో నడచు క్వార్ట్జ్ గడియారములు వెల్లువగా వచ్చి పడెను. 1971లో జెనిత్ గడియారముల సంస్థ అదే పేరుగల చికాగో రేడియో సంస్థ వశమై యుండెను. యంత్రగడియారములకు కాలము చెల్లినదని తలచిన ఆ యజమానులు 1975లో వాని నిర్మాణమును నిలిపి, పనిముట్లను తొలగింప నాజ్ఞాపించిరి. షార్ల్ వెర్మో అను పనివాడు ఆ నిర్ణయము తగదని విన్నవించి, విన్నపము ఫలింపకపోగా, యెవ్వరికిని తెలియనీయక అచ్చులను, కోతపనిముట్లను, ప్రెస్సులను కర్మాగారపు అటకమీదికి చేర్చి, ప్రతి వస్తువునకును చీటీ కట్టి, నిర్మాణక్రమము నంతయు నొక పుస్తకమున వ్రాసియుంచెను. గడియారపు నమూనా పటమున నిలువవచ్చును. దానిని చేయు నేర్పు పనిముట్టునందును, దానిని పట్టిన చేతియందును గాని నిలువదని అతడెరుగును.

1978లో సంస్థ మరల స్విట్జర్లాండు వారి యధీనమయ్యెను. 1984లో నిర్మాణమును పునరుద్ధరింప దలచినపుడు, లక్షల వ్యయముతో క్రొత్తగా చేయింపవలసిన సామగ్రి చీటీలతో సహా అటకమీద సిద్ధముగ నుండెను. 1988 మొదలు 2000 వరకు రోలెక్స్ వారు తమ డేటోనా గడియారములో ఈ యంత్రమునే, వేగమును గంటకు 28,800కు తగ్గించి, మార్పులతో వాడుకొనిరి. 1999లో జెనిత్ ఫ్రాన్సునందలి ఎల్‌వీఎంహెచ్ సమూహమున చేరెను. 2009లో లె లోక్ల్, పొరుగుననున్న లా షో-ద-ఫోన్ పట్టణములు గడియార పరిశ్రమకై నిర్మితములైన నగరములుగా యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికకెక్కెను. ఎల్ ప్రిమేరో సంతతి నేటికిని లె లోక్ల్ పట్టణముననే తయారగుచున్నది. కర్మాగారమును చూడవచ్చినవారికి వెర్మో పనిముట్లను దాచిన ఆ అటకను గూడ చూపుచున్నారు.