దృశ్యస్మృతి – అభ్యాసము

ఫలక్‌నుమా గుట్ట క్రింద నిలచి, పైనున్న సౌధమును ఒక్క క్షణము చూచి కన్నులు మూసికొనుడు. సర్ వికార్-ఉల్-ఉమ్రా 1884లో కట్టింపనారంభించిన ఆ భవనము మనసులో మెదలుచునేయుండును. కాని కిటికీలు ఎన్ని, స్తంభములు ఎన్ని అని ఎవరైన అడిగినచో తడబడుదుము. చూచిన దానిని కొన్ని క్షణములు మనసున నిలిపి, దానితో పని జరుపుకొను శక్తియే తాత్కాలిక దృశ్యస్మృతి. నల్లబల్లమీది పటమును చూచి పుస్తకమున గీసికొను విద్యార్థికి అడుగడుగున కావలసినది ఇదియే.

ఈ పాత్ర మిక్కిలి చిన్నది. లక్, వోగెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు రంగు చదరములను క్షణకాలము చూపి పరీక్షించి, మానవుడు ఒక్కమారు సుమారు నాల్గింటిని మాత్రమే నిలుపుకొనగలడని 1997లో ప్రకటించిరి. సాధనచే దీనిని పెంచవచ్చునా?

తెలుగువారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు ఒకే అవధానిని చుట్టుముట్టుదురు. వ్యస్తాక్షరిలో ఒక వాక్యమునందలి అక్షరములను, వాని స్థానసంఖ్యలతో, వరుస తప్పించి నడుమనడుమ అందింతురు. అవధాని వానిని తమతమ గళ్ళలో నిలిపి, తుదకు వాక్యమును పూర్తిగా చెప్పవలెను. తిరుపతి వేంకట కవులని ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) గారలు శతావధానములు సైతము చేసి, ఈ విద్యకు ఆంధ్రదేశమంతట వ్యాప్తి తెచ్చిరి.

అవధానము ప్రధానముగా శబ్దస్మృతికి సంబంధించినదైనను, అందలి కీలకము గమనింపదగినది. పద్యము విడివిడి అక్షరముల కుప్ప కాదు. గణములు దానిని భాగములుగా విభజించును. ఒక పాదము స్ఫురించినంతనే ప్రాసాక్షరము తక్కిన పాదములను పట్టియిచ్చును. అనగా పాత్ర పెరుగలేదు. అందు ఉంచు మూటలు పెద్దవైనవి.

ఈ విషయమునే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జరిగిన ప్రయోగము బలపరచినది. ఒక విద్యార్థి మొదట 7 అంకెలను మాత్రమే విని అప్పజెప్పగలిగెడివాడు. 230 గంటలకు పైగా సాధన చేసిన పిదప 79 అంకెలను చెప్పగలిగెను. అతడు పరుగుపందెములలో పాల్గొనువాడు కావున, అంకెల గుంపులను పరుగునకు పట్టిన కాలములుగా భావించి గుర్తుంచుకొనెను. కాని అంకెలకు బదులు అక్షరములనిచ్చినప్పుడు మరల ఆరు దగ్గరనే ఆగిపోయెను! 1980లో ప్రకటితమైన ఈ ఫలితము ఒక హెచ్చరిక. ఒక విషయమున చేసిన సాధన మరియొక విషయమునకు తనంతట తాను ప్రాకదు.

ఇక రెండవ సూత్రము, ఫలితమును వెంటనే తెలుపుట. 1927లో థార్న్‌డైక్ కన్నులు మూసికొన్నవారిచే 3 మొదలు 6 అంగుళముల వరకు గీతలు గీయించెను. ఒప్పో తప్పో చెప్పనప్పుడు ఎన్నిమారులు గీసినను మెరుగు లేదు. చెప్పినప్పుడు గీతలు సరియైన కొలతకు చేరువైనవి. దృశ్యస్మృతి విషయమున ఆడమ్, వోగెల్ 2016లో ఇట్టిదే చూపిరి. ప్రతి ప్రయత్నమునకు మార్కులు తెలుపగా, పూర్తిగా తప్పిపోవు సందర్భములు తగ్గినవి. ఇచ్చటను పాత్ర పెద్దది కాలేదు, ఏమరుపాటు తగ్గినది. అవధానసభలో ఛందస్సు తప్పినచో పండితులు వెంటనే పట్టుకొందురు. ఆ సభయే అవధానికి నిత్యపరీక్ష.

కావున పటము గీయలేని బాలుని మందబుద్ధియని త్రోసివేయుట న్యాయము కాదు. గుండె పటమును ఒక్కసారిగా చూపక, నాలుగు గదులుగా, పిదప రక్తనాళములుగా విడదీసి చూపవలెను. చూడకుండ గీయించి, వెంటనే అసలు పటముతో పోల్చి తప్పు దిద్దవలెను. జ్ఞాపకశక్తినంతటిని ఒక్కమారు పెంచెదమను ప్రకటనలను నమ్మి ధనము వ్యయపరచుటకంటె, నేర్వవలసిన పాఠముననే ఈ సాధన చేయించుట మేలు.