గంటసేపు దీపములార్పిన శక్తి మిగులునా?

మన దేశములో 1991 నుండి ప్రతి సంవత్సరము డిసెంబరు 14వ తేదీని జాతీయ ఇంధన పొదుపు దినముగా పాటించుచున్నారు. ఆనాడు పాఠశాలలలో వ్యాసరచన పోటీలు, చిత్రలేఖన పోటీలు జరుగును. విద్యార్థులచేత ప్రతిజ్ఞలు చేయింతురు. మార్చి నెలలో మరియొక ఆచారము కలదు. ప్రపంచమందలి అనేక నగరములలో ఒక శనివారము రాత్రి గంటసేపు దీపములార్పుదురు. ఇట్టి వానిని చూచినపుడు ఆలోచనగల విద్యార్థి ఒక ప్రశ్న అడుగక మానడు: "దీనివలన నిజముగా మిగిలినదెంత?" ఈ ప్రశ్నను ఉపాధ్యాయులు అవిధేయతగా భావింపరాదు. కొలిచి చూడవలెనను కోరికయే విజ్ఞానశాస్త్రమునకు మొదటి మెట్టు. గడచిన అర్ధశతాబ్దపు చరిత్రను పరిశీలించినచో దీనికి సమాధానము దొరకును.

ముందుగా రెండు మాటలకు గల భేదమును గుర్తుంచుకొనవలెను. ఒక దీపము ఏ వేగముతో విద్యుత్తును వాడుచున్నదో తెలుపునది సామర్థ్యము; దీనిని వాట్లలో కొలుతుము. కొంతకాలములో మొత్తము ఎంత వాడినదో తెలుపునది శక్తి. దీనిని కిలోవాట్-గంటలలో, అనగా మనము వాడుకలో యూనిట్లనెడి వానిలో కొలుతుము. కుళాయి నుండి వచ్చు ధార సామర్థ్యము వంటిది. బిందెలో నిండిన నీరు శక్తి వంటిది. ధారను ఒక నిమిషము ఆపుట గొప్పగా కనిపింపవచ్చును. కాని నెల చివర లెక్కకు వచ్చునది బిందెలలోని నీరే.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు కొన్ని దేశములకు చమురు పంపుట నిలిపివేసినవి. కొద్ది నెలలలోనే చమురు ధర సుమారు నాలుగు రెట్లయినది. ఆనాటి నుండి ఇంధన పొదుపు ప్రభుత్వముల కార్యక్రమములలో ముఖ్యమైనదిగా మారినది. 1977 ఫిబ్రవరి 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఉన్ని స్వెట్టరు ధరించి టెలివిజనులో ప్రసంగించుచు, చలికాలమున ఇండ్లలోని ఉష్ణోగ్రతను పగలు 65, రాత్రి 55 ఫారన్‌హీటు డిగ్రీలకు తగ్గించుకొనుడని ప్రజలను కోరినాడు. 1979లో తన అధికార నివాసమగు శ్వేతభవనము పైకప్పున నీటిని వేడిచేయు 32 సూర్యతాప ఫలకములను అమర్చినాడు. 1986 నాటికి, మరియొకరి ప్రభుత్వకాలమున, ఆ ఫలకములను తీసివేసినారు. స్వెట్టరును జనులు చాలకాలము తలచుకొన్నారు. తలచుకొని నవ్విన వారును ఉన్నారు.

అదే దేశములో అదే కాలమున మరియొక పని నిశ్శబ్దముగా జరిగినది. 1970 ప్రాంతములలో అక్కడి రిఫ్రిజిరేటరు ఒకటి సంవత్సరమునకు సుమారు 1,800 యూనిట్ల విద్యుత్తును వాడెడిది. ముందు కాలిఫోర్నియా రాష్ట్రము, తరువాత దేశప్రభుత్వము, ఇంతకు మించి విద్యుత్తు వాడు యంత్రమును అమ్మరాదని నియమములు చేసినవి. తయారీదారులు ఉష్ణనిరోధకపు పొరలను, మోటారును, కంప్రెసరును మెరుగుపరచినారు. 2001 నాటికి, యంత్రము పరిమాణములో పెరిగినను, వినియోగము సుమారు 500 యూనిట్లకు దిగినది. ఈ నియమమునకు ఛాయాచిత్రములు లేవు. కాని అది రేయింబవళ్లు, గృహిణి తలచుకొనినను తలచుకొనకున్నను, పని చేయుచునే యుండెను.

ఇక దీపములార్పు గంట సంగతి. 2007 మార్చి 31వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరములో రాత్రి 7.30 నుండి 8.30 వరకు దీపములార్పుడని ఒక ప్రకృతి సంరక్షణ సంస్థ పిలుపునిచ్చినది. హార్బరు వంతెన, ఒపేరా భవనము చీకటిలో మునిగినవి. ఆ గంటలో నగర కేంద్రప్రాంతపు విద్యుత్ వినియోగము సుమారు 10 శాతము తగ్గినదని విద్యుత్ సంస్థ లెక్క చెప్పినది. ఇది చిన్న విషయము కాదు. అయితే సంవత్సరమునకు 8,760 గంటలు కలవు. ఒక గంటలో పదవ వంతు తగ్గుట, సంవత్సరపు లెక్కలో ఆరు నిమిషముల వినియోగముతో సమానము. తమ ఉద్దేశము ఆ గంటలో విద్యుత్తును మిగుల్చుట కాదనియు, ప్రజల దృష్టిని సమస్యవైపు త్రిప్పుటయేననియు నిర్వాహకులు స్వయముగా చెప్పుచున్నారు.

దీపములార్పుటను ఒక దేశమంతయు ఒక్కసారి చేసినచో ఏమగునో మన దేశములోనే తెలియవచ్చినది. 2020 ఏప్రిల్ 5వ తేదీన, కరోనా వ్యాధి వ్యాపించి జనులు ఇండ్లకే పరిమితమైన దినములలో, రాత్రి 9 గంటలకు 9 నిమిషములపాటు విద్యుద్దీపములార్పి ప్రమిదలు, కొవ్వొత్తులు వెలిగింపుడని ప్రధానమంత్రి కోరినారు. ఇది ఇంధన పొదుపు కొరకు చేసినది కాదు. ప్రజల ఐకమత్యమును చాటుటకు చేసినది. అయినను విద్యుత్ శాస్త్రమునకు ఇది గొప్ప ప్రయోగముగా పరిణమించినది.

పంకాలు, రిఫ్రిజిరేటర్లు, వీధిదీపములు ఆపవద్దని ముందే ప్రకటించినారు. కోత పన్నెండు, పదమూడు వేల మెగావాట్లుండునని ఇంజనీర్లు అంచనా వేసినారు. తీరా చూడగా సుమారు 1,17,000 మెగావాట్ల నుండి 86,000 మెగావాట్లకు, అనగా సుమారు 31,000 మెగావాట్ల మేర గిరాకీ పడిపోయినది. విద్యుత్తు ధాన్యము వలె కొట్లలో నిలువయుండునది కాదు. ఉత్పత్తి, వినియోగము ప్రతి క్షణము సరితూగవలెను. వినియోగము హఠాత్తుగా తగ్గినచో జనరేటర్ల వేగము, దానితోపాటు విద్యుత్ ప్రవాహపు పౌనఃపున్యము పెరుగును. దానిని 50 హెర్ట్జుల దరిదాపులలో నిలుపుట కొరకు జలవిద్యుత్ కేంద్రములను ముందు పూర్తిగా నడిపి, ఆ నిమిషములలో త్వరత్వరగా తగ్గించి, పిమ్మట మరల పెంచినారు. నీటి ద్వారములను మూసినంత త్వరగా బొగ్గు కొలిమిని చల్లార్చుట సాధ్యము కాదు గదా! ఇంజనీర్ల నేర్పువలన ప్రమాదమేమియు జరుగలేదు.

ఇందు మిగిలినదెంతయో లెక్కింతము. 31,000 మెగావాట్లు 9 నిమిషములకు 46.5 లక్షల యూనిట్లగును. ఆనాటి సగటు గిరాకీ లక్ష మెగావాట్లే అనుకొన్నను, దినవినియోగము 240 కోట్ల యూనిట్లు. కావున మిగిలినది ఆ దినపు వాడకములో సుమారు ఐదువందలవ వంతు. జనులలో ఇంత ఐకమత్యము కలదని మనకు తెలిసినది. ఆ ఐకమత్యము తొమ్మిది నిమిషములే నిలిచినచో శక్తి లెక్కలో ఎంత స్వల్పమో కూడ తెలిసినది.

అట్లయిన ప్రజలను పొదుపు చేయుడని కోరుట వృథాయా? కాదనుటకు బ్రెజిలు దేశము సాక్ష్యము. ఆ దేశపు విద్యుత్తులో అధికభాగము నదులపై ఆధారపడినది. 2001లో వర్షములు లేక జలాశయములు ఎండినవి. జూన్ నుండి ప్రభుత్వము ప్రతి ఇంటికి, మునుపటి సంవత్సరపు వాడకములో ఐదవ వంతు తగ్గించి, ఒక పరిమితి నిర్ణయించినది. అతి తక్కువగా వాడు పేదలకు మినహాయింపునిచ్చినది. పరిమితి మించిన వారిపై అధిక రుసుము, తగ్గించిన వారికి బహుమానము. జనులు అనవసరపు దీపములను తీసివేసి, తక్కువ విద్యుత్తుతో వెలుగు దీపములను కొన్నారు. 2002 ఫిబ్రవరి చివరివరకు ఈ విధానము సాగినది. కోతలతో దేశము చీకటిలో మునుగు ప్రమాదము తప్పినది. ఆంక్షలు తొలగిన పిమ్మట కూడ ఇండ్ల వినియోగము చాల సంవత్సరములు పూర్వస్థాయికి పోలేదు. అక్కడ ప్రజల సంకల్పమునకు ఒక అంకె, ఒక ధర, ఒక క్రొత్త దీపము తోడైనవి.

మన దేశమునందును ఇట్టి దృష్టాంతము కలదు. 2001లో ఇంధన పొదుపు చట్టము వచ్చినది. 2006 నుండి విద్యుత్ పరికరములపై నక్షత్రపు గుర్తులు వేయుట ప్రారంభమైనది. 2015 జనవరిలో ప్రారంభించిన ఉజాలా పథకము క్రింద 36 కోట్లకు పైగా ఎల్‌ఇడి దీపములను ప్రజలకు అందజేసినారు. ప్రభుత్వ సంస్థ ఒక్కమారుగా పెద్దమొత్తమున కొనుటవలన 2014లో 310 రూపాయలున్న దీపపు కొనుగోలు ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానువలన నష్టపడిన విశాఖపట్టణములో, తరువాత సుమారు 90 వేల వీధిదీపములను ఎల్‌ఇడి దీపములుగా మార్చినారు. ఆ దీపములు వెలుగుచునే పొదుపు చేయుచున్నవి.

ఈ భేదమును తరగతిలో నల్లబల్లపై సులభముగా చూపవచ్చును. 60 వాట్ల దీపమును సంవత్సరమునకు ఒక గంట ఆర్పినచో మిగులునది 0.06 యూనిటు. దాని స్థానమున 9 వాట్ల ఎల్‌ఇడి దీపమునుంచి రోజుకు 4 గంటలు వాడినచో మిగులునది 51 × 4 × 365 = 74,460 వాట్-గంటలు, అనగా సుమారు 74 యూనిట్లు. ఒక దీపమును ఒకమారు మార్చినందువలన సంవత్సరములో మిగులు శక్తి, ఏటేట ఒక గంట ఆర్పుచు పోయినచో మిగులుటకు 1,200 సంవత్సరములకు పైగా పట్టును!

కావున దీపములార్పు గంటను నిందింపవలసిన పనిలేదు. దానినే పొదుపుగా భ్రమింపరాదు. "మా వంతు చేసితిమి" అను తృప్తి కలిగి, మరునాటి నుండి అంతయు మరచినచో ఆ గంట మేలుకంటె కీడే చేసినదనవలెను. ఆ గంట ఒక చట్టమునకో, ధరకో, ఇంటిలోని పరికరపు మార్పునకో దారితీసినచో సార్థకమగును. వచ్చు డిసెంబరు 14న ప్రతిజ్ఞ చేయించు ఉపాధ్యాయులు, ఆనాడే విద్యార్థులచేత పాఠశాల విద్యుత్ మీటరు అంకెను వ్రాయింపవలెను. ఏ గదిలో ఏ దీపము, ఏ పంకా, ఎన్ని వాట్లదియో పట్టిక తయారు చేయించి, మార్చదగిన వానిని మార్పించి, మూడు నెలల పిమ్మట మరల మీటరు చూపవలెను. మొదటి ప్రశ్న అడిగిన విద్యార్థికి అప్పుడు సమాధానము తన చేతి వ్రాతలోనే కనిపించును.