కాపిశి మొదలు బగ్రాము వఱకు

కాబూలునకు ఉత్తరమున, ఘోర్‌బంద్, పంజ్‌షేర్ నదుల సంగమమునకు దాపుననున్న మైదానము, హిందూకుష్ కనుమలు దాటివచ్చు బాటలన్నియు దిగు చోటగుటచే, విమానమను మాట పుట్టకమునుపే సేనానాయకుల కంటబడినది. పాణిని సూత్రమున పేర్కొన్న కాపిశి ఇదియే యని పండితుల మతము. కుషాణులకిది వేసవి రాజధాని. 1937, 1939 సంవత్సరములలో ఫ్రెంచి హాకిన్ దంపతులు ఇచ్చట త్రవ్వకములు జరుపగా, మూసివేసిన రెండు గదులలో రోమను గాజుపాత్రలు, చీనా లక్కపనులు, భారతీయ దంతశిల్పములు బయల్పడెను. ఆ దంతపు పలకలపై వయ్యారముగా నిలిచిన స్త్రీమూర్తులలో మన అమరావతి శిల్పరీతి పోలికలను చూచిన విద్వాంసులును కలరు.

ఈ మైదానముననే బగ్రాము విమానాశ్రయము 1950వ దశకమున సోవియట్టుల తోడ్పాటుతో వెలసినది. 1959 డిసెంబరు 9న అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దిగినదియు ఇచ్చటనే. నాడు ఇరుపక్షములును ధనముతోడనే పోటీపడుచుండెను. ఆ మర్యాద ఇరువదియేండ్లు మాత్రము నిలిచినది. 1979 జూలైలోనే సోవియట్ పారాచూటు దళమొకటి కావలి నెపమున బగ్రాము చేరెను. డిసెంబరులో మహాసైన్యము దిగునాటికి ద్వారము లోపలినుండియే తెఱచియున్నది! పదియేండ్లు బాంబులు మోసిన విమానములు ఇచ్చటినుండి లేచినను, కొండలు లొంగలేదు.

సోవియట్టులు మరలిన పిమ్మట అంతర్యుద్ధమున తాలిబన్లకును, ఉత్తర కూటమికిని నడుమ యుద్ధరేఖ ఈ రన్‌వే మీదుగానే సాగినది. 2001 అక్టోబరులో అమెరికను సైనికులు కొందఱు అద్దములు పగిలిన కంట్రోలు టవరెక్కి, కనుచూపు మేరలోనున్న తాలిబన్ కందకములను గుఱుతించి, ఆకాశముననున్న తమ విమానములకు చూపిరి. సముద్రమట్టమునకు సుమారు 1,490 మీటర్ల యెత్తున గాలి పలుచన. బరువెక్కిన విమానము లేచుటకు నిడుపైన దారి కావలెను. కావున పాత దారి చాలక, 2006 నాటికి 3,600 మీటర్ల క్రొత్త రన్‌వే సిద్ధమైనది. దాని చుట్టును వైద్యశాలలు, పీజ్జా దుకాణములు, వాని పొరుగుననే కారాగారము. 2002 డిసెంబరులో ఆ చెఱలో ఇద్దఱు ఆఫ్గనులు దెబ్బలకు మరణింపగా, సైన్యపు వైద్యులే దానిని నరహత్యగా నిర్ణయించిరి. ఈ స్థలచరిత్రలో రన్‌వే నిడివికంటె ఈ సంగతియే ముందు తలపవలసినదని నా యభిప్రాయము.

2021 జూలై మొదట అమెరికనులు రాత్రికి రాత్రి విద్యుత్తు ఆపి వెడలిపోగా, ఆ వార్త అచ్చటి ఆఫ్గను సేనాపతికి తెలియుటకు గంటలు పట్టెను. దోపిడిగాండ్రు ముందే చొరబడిరి. ఆగస్టు 15న తాలిబన్లు ప్రవేశించి వేలకొలది ఖైదీలను విడిపించిరి. మూడేండ్లకు ఆ రన్‌వేపైననే అమెరికను వాహనములను ఊరేగించిరి. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంపు స్థావరమును తిరిగి కోరగా తాలిబన్లు నిరాకరించిరి. మరుసటి నెల మాస్కోలో కూడిన దేశములు, భారతదేశముతో సహా, ఆఫ్గను గడ్డపై పరదేశ సైనిక స్థావరములు తగవని ప్రకటించినవి.