కొట్టకుండా కూర్చోబెట్టడం

రెండేళ్ళ క్రితం ఆన్‌సైట్ పని మీద ఒహాయోలో ఉన్నప్పుడు, ఒక శనివారం ఏమీ తోచక కౌంటీ ఫెయిర్‌కి వెళ్ళాను. మన తిరునాళ్ళ లాంటిదే, కాకపోతే ఆవులూ పందులూ ఎక్కువ. పోటీకి ముందు ఓ చెట్టు కింద పదేళ్ళ పాప తనంత ఉన్న కుక్కకి 'కూర్చో' ప్రాక్టీసు చేయిస్తోంది. అరవలేదు, గొలుసు గుంజలేదు. అది కూర్చోగానే చేతిలోని చిన్న డబ్బీ టక్కుమంది, వెంటనే జేబులోంచి ఓ తిండి ముక్క. అంతే!

మా ఇంట్లో రాజుగాడికి ఇదే 'కూర్చో' నేను వేపబెత్తంతో నేర్పాను. నేర్చుకున్నాడు. కానీ ఆ తర్వాత నేను చెయ్యెత్తితే చాలు, మంచం కింద దూరేవాడు. అప్పట్లో మాకదో జోకు.

సరే, ఆ పాప ఉన్నది ఫోర్-హెచ్ క్లబ్బులో. తల, గుండె, చేతులు, ఆరోగ్యం: ఇంగ్లీషులో నాలుగూ హెచ్‌తోనే మొదలవుతాయి. దీని మూలం 1902లో అదే ఒహాయోలో, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏ.బి. గ్రాహం అనే బడుల అధికారి పెట్టిన పిల్లల క్లబ్బు. విశ్వవిద్యాలయాలు చెప్పే కొత్త సేద్యం పెద్ద రైతుల చెవికెక్కేది కాదు. దాంతో పిల్లలకి నేర్పారు. 1910లో సౌత్ కరోలినాలో జెర్రీ మూర్ అనే కుర్రాడు ఎకరంలో 228 బుషెళ్ళ మొక్కజొన్న తీశాడు. ఇక నాన్నలు మాత్రం ఏమంటారు! 1914లో స్మిత్-లీవర్ చట్టంతో విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలకి ప్రభుత్వ సొమ్ము దొరికి, క్లబ్బులు నిలదొక్కుకున్నాయి. దూడలు, పందుల వెనకాలే తర్వాత్తర్వాత కుక్కలూ చేరాయి.

కుక్కల శిక్షణ కథ మాత్రం వేరే దారిలో నడిచింది. పోలీసు, సైన్యం కుక్కలకి వాడిన గుంజుడు పద్ధతే ఇళ్ళలోకీ వచ్చింది. 1962లో విలియం కోలర్ రాసిన పుస్తకం చోక్ చైన్‌ని ఇంటింటి వస్తువు చేసింది. విచిత్రం ఏంటంటే, అప్పటికే మందు తయారుగా ఉంది. స్కిన్నర్ శిష్యులు కెల్లర్, మారియన్ బ్రెలండ్ దంపతులు 1940లలోనే శబ్దం, తిండితో జంతువులకి నేర్పి చూపించారు. కుక్కల ట్రైనర్లు పట్టించుకోలేదు. లెగసీ కోడ్ లాగే: పనిచేస్తోందిగా, ముట్టుకోకు!

కదలిక సముద్రం వైపు నుంచి వచ్చింది. 1960లలో హవాయిలో కారెన్ ప్రయర్ డాల్ఫిన్లకి ఈలతో, చేపముక్కతో నేర్పేది. డాల్ఫిన్‌కి చోక్ చైన్ వెయ్యలేం కదా! 1984లో ఆవిడ పుస్తకం, 1990లలో క్లిక్కర్ తరగతులు వచ్చాక గానీ మామూలు ఇళ్ళకి ఇది చేరలేదు. అంటే సుమారు యాభై ఏళ్ళ ఆలస్యం. అన్నేళ్ళలో ఎన్ని రాజుగాళ్ళు మంచాల కింద దూరారో.

ఫోర్-హెచ్‌లోనూ ఇది ఒక్క రోజులో మారిపోలేదు లెండి. ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే.

ఆ పాప దగ్గర ఓ రికార్డు పుస్తకం ఉంది. తిండి ఖర్చు, టీకాల తేదీలు, గోళ్ళు కత్తిరించిన రోజులు, అన్నీ రాసుకుంది. ఓ పేజీలో: 'ఈ రోజు కూర్చోలేదు. నేను క్లిక్ ఆలస్యంగా కొట్టాను.' తప్పు కుక్క ఖాతాలో లేదు. ఆ పేజీ ఫోటో తీసుకోవచ్చా అని అడిగితే నవ్వి, కుక్కని అడగమంది.